మన నెత్తిమీది ఇన్సాట్

మన సంఘం ప్రత్యేక సంచికకు టెలిఫోన్ల కాలం గురించి రాయమని కార్యదర్శిగారు కోరారు. ట్రంక్ కాల్ ముచ్చట్లు పెన్షనర్లు నలుగురు కూడినచోట ఎలాగూ నడుస్తూనే ఉంటాయి కనుక, ఆ తీగలకు పైన ఉండి పనిచేసిన ఉపగ్రహం కథ రాస్తున్నాను.

టి.వి. మన ఆదోని, ఎమ్మిగనూరు వంటి పట్టణాలకంటే ముందు పల్లెలకు వచ్చిందంటే ఇప్పటి పిల్లలు నమ్మరు. తుంగభద్రకు ఆవలి ఒడ్డు రాయచూరు జిల్లా. 1975 ఆగస్టు 1న మొదలైన 'సైట్' ప్రయోగంలో ఆ జిల్లా పల్లెలు ఉన్నాయి. ఆరు రాష్ట్రాల్లో మొత్తం 2,400 గ్రామాలు, వాటిలో మన ఆంధ్రప్రదేశ్ గ్రామాలు కూడా. కోళ్లగూటి జాలీవంటి వలతో చేసిన పదడుగుల డిష్, దానికో టి.వి. పెట్టె. ఉదయం బడిపిల్లలకు, సాయంత్రం పెద్దలకు సేద్యం, ఆరోగ్యం, పాటలు, నాటకాలు. కన్నడం వారికి కన్నడం, తెలుగువారికి తెలుగు. హైదరాబాదు దూరదర్శన్ ప్రసారాలే 1977లో గాని మొదలు కాలేదు!

అయితే ఆ ఉపగ్రహం మనది కాదు. ఏ.టి.ఎస్.-6 అని అమెరికా నాసా వారిది. ఏడాదికి ఇచ్చారు. 1976 జూలై 31తో గడువు తీరింది, దాన్ని తిరిగి పడమటికి జరుపుకున్నారు. అరువు సొమ్ము బరువు చేటని ఊరికే అనలేదు. గుల్బర్గా, హైదరాబాదు వంటి చోట్ల నేలమీద ట్రాన్స్‌మిటర్లు పెట్టి కొన్ని పల్లెలను ఆదుకున్నారు గాని, వాటి ప్రసారం అందని ఊళ్ల సంగతి చెప్పేదేముంది.

సొంతానిది కోసం ఏడేళ్లు పట్టింది. 1982 ఏప్రిల్ 10న పైకి వెళ్లిన ఇన్సాట్-1ఎ ఐదు నెలలు నిండకముందే ఇంధనం అయిపోయి మూలపడింది. 1983 ఆగస్టు 30న ఛాలెంజర్ షటిల్ మోసుకెళ్లిన ఇన్సాట్-1బి కూడా మొదట భయపెట్టింది. సౌర పలక విచ్చుకోక మొరాయించి, సెప్టెంబరు నడిమికి దారికొచ్చింది. ఆ తరువాత, అనుకున్న ఏడేళ్లూ దాటి కొలువు చేసింది. కర్ణాటకలోని హాసన్ నుండి దాన్ని అదుపు చేసేవారు.

భూమధ్యరేఖకు సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున అది భూమితోపాటే తిరుగుతుంది. అందుకే మనకు నిలిచి ఉన్నట్లే. 1బి ఉన్నది 74 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద, ఆదోని దాదాపు 77 మీద. అంటే మనకు దక్షిణంగా, కాస్త పడమరగా, ఇంచుమించు నడినెత్తినే! డిష్‌ను ఒకసారి గురిపెట్టి బిగిస్తే చాలు.

ఉన్న మాట చెప్పాలి. మన పత్తి వ్యాపారులు బొంబాయికి బుక్ చేసిన అర్జెంటు, లైట్నింగ్ కాల్స్‌కు ఇన్సాట్ పెద్దగా చేసిందేమీ లేదు. అవి తీగలమీద, మైక్రోవేవ్ టవర్లమీద నడిచినవే. ఉపగ్రహం ఆదుకున్నది అండమాన్, లక్షద్వీప్, లేహ్ వంటి తీగపోని చోట్లను. మాట పైకి పోయి దిగడానికి పావు సెకను పడుతుంది, "హలో" అంటే "హలో" అడ్డం వచ్చేది.

మన వైపు తెలిసివచ్చింది టి.వి.లోనే. 1984 నుండి ఊరూరా చిన్న రిలే ట్రాన్స్‌మిటర్లు లేచాయి. ఢిల్లీ కార్యక్రమాన్ని ఇన్సాట్ నుండి అందుకుని చుట్టూ పాతిక కిలోమీటర్లకు వదలడం వాటి పని. 1987లో రామాయణం మొదలయ్యాక ఆదివారం ఉదయం ఎమ్మిగనూరు మగ్గాల చప్పుడు కూడా తగ్గేదని చెప్పుకునేవారు. ఆకాశవాణి ఢిల్లీ వార్తలు షార్ట్‌వేవ్ గరగర లేకుండా వినబడింది కూడా దీనివల్లనే.

కోస్తాకు బదిలీ అయినవారికి మరొకటి తెలుసు. 1977 నవంబరు దివిసీమ ఉప్పెనలో పదివేలమందికి పైగా పోయారు. 1990 మే తుఫానుకు ఇన్సాట్ మేఘచిత్రాలు, తీరంలో ఉపగ్రహం ద్వారా మోగే హెచ్చరిక యంత్రాలు ఉన్నాయి, లక్షలమందిని ముందే తరలించారు. మృతులు వెయ్యిలోపే. ఆ లెక్కముందు రామాయణం చిన్న సంగతి.

ఇప్పుడు నెల చందా లేని ఫ్రీ డిష్ జీశాట్-15 నుండి వస్తోంది. 2015లో పైకి వెళ్లిన అది 93.5 డిగ్రీల దగ్గర ఉంది. కనుక మన మిద్దెలమీద ఆ డిష్‌లు ఆగ్నేయం వైపు తిరిగి ఉంటాయి.