సూర్యరశ్మి – దర్పణములు – ఇంటి వేడినీరు

రజతోత్సవ సంచికకు ఏదైన వ్రాయుమని కార్యదర్శిగారు కోరినప్పుడు నేను మన యూరి పూర్వచరిత్ర వ్రాయుదునని పలువురు తలంచిరి. ఆ పని నాకంటె పెద్దలు చేయుచున్నారు. ఇటీవల మన వీథులలో మిద్దెలపై వెలసిన నల్లని పలకలను, నీటితొట్లను చూచి యివి నిన్న మొన్న పుట్టినవని పిల్లలు భావించుచున్నారు. వాని వెనుక రెండున్నర శతాబ్దుల చరిత్ర కలదు. తెలిసినంతవరకు విన్నవించెదను.

1767లో జెనీవా పండితుడు సోస్యూర్ గాజుపలకలు కప్పిన పెట్టె నొకదానిని ఎండలో నుంచి, లోపలి వేడిమి నీరు మరుగు వేడిమిని మించుట కనుగొనెను. గాజు వెలుతురును లోనికి రానిచ్చును గాని వేడిని అంత తేలికగా వెలికి పోనీయదు. నేటి నీటి హీటర్లకు మూలము ఈ పెట్టెయే. తరువాత ఫ్రాన్సులో మూషో అను గణితోపాధ్యాయుడు పెద్ద దర్పణముతో ఎండను కూర్చి, 1878 పారిస్ ప్రదర్శనమున సూర్యుని వేడితోనే మంచుగడ్డను చేసి చూపెను. అచ్చట బొగ్గు చౌక యగుటచే ప్రభుత్వము సాయ మాపెను.

ఆ కాలముననే మన దేశమున నీ ప్రయత్నము చేసినవాడు విలియం ఆడమ్స్. ఈయన శాస్త్రజ్ఞుడు కాడు. బొంబాయి హైకోర్టున డిప్యూటీ రిజిస్ట్రారు. కాగితములతో కాలము గడపువాడు సూర్యునితో వ్యవహారము పెట్టుకొనెనని చదివినప్పుడు, లెక్కలు వ్రాసికొని బ్రతుకు నాకు ఆయనపై అభిమానము కలిగెను. వెండిపూత పూసిన లోహదర్పణములు ఖరీదైనవనియు, త్వరగా మెఱుగు తఱుగుననియు గ్రహించి, ఆయన సామాన్యమైన చిన్న గాజుటద్దములను చట్రమునందు వరుసగా అమర్చెను. ఆ చట్రమును పగలు మూడు నాలుగు మారులు జరుపుటకు ఒక కూలివాడు చాలును. డెబ్బదిరెండు అద్దముల వెలుగు నొకచోట పడవేయగా ఇరువది అడుగుల దూరమునందున్న కొయ్య భగ్గున మండెనట! పిమ్మట రాగి బాయిలరు నుంచి, రెండున్నర గుఱ్ఱముల శక్తిగల ఇంజనును రెండు వారములు తన యావరణముననే నడిపెను. వంటచెఱకు కరవైన ఉష్ణదేశములకు ఎండయే ఇంధనమని వాదించుచు 1878లో గ్రంథమును వ్రాసెను. అది వ్యాపింపలేదు. అయినను, పెక్కు చదునైన అద్దములతో నొక బాయిలరును కాచు ఆ పద్ధతినే నేటి గోపుర విద్యుత్కేంద్రములు అనుసరించుచున్నవి. మన తిరుమలలోను 2002లో 106 దర్పణములతో ఆవిరి పుట్టించి అన్నము వండు ఏర్పాటు జరిగెను.

ఇంటి కథకు వత్తము. 1891లో అమెరికాలో కెంప్ అనునతడు స్నానపు నీటికి ఎండపెట్టెకు పేటెంటు పొందెను. 1909లో బెయిలీ కాగుచోటును, నిలువచేయు తొట్టిని వేఱుచేసెను. వేడినీరు తేలికయై తనంతట పైతొట్టికి ఎక్కును, రాత్రికిని నిలుచును.

విద్యుత్తు దారి వేఱు. వెలుతురుచే విద్యుత్తు పుట్టుటను బెకెరెల్ 1839లోనే కనుగొనెను. నూటికి ఆరు పాళ్లైన ఫలమిచ్చు సిలికాన్ ఘటము మాత్రము 1954లో బెల్ ప్రయోగశాలనుండి వచ్చెను. 1973లో అమెరికాలోని డెలవేర్ విశ్వవిద్యాలయమువారు విద్యుత్తు, వేడి రెండును ఒకే కప్పునుండి తీయు గృహమును నిర్మించిరి.

ఈ రెండింటిని కలుపుటలో నొక చిక్కు కలదు. నేటి పలక తనపై బడిన ఎండలో సుమారు ఐదవవంతును విద్యుత్తు చేయును. తక్కినది చాలవఱకు వేడి యగును. పలక 25 డిగ్రీలు దాటినకొలది, డిగ్రీకి నూటికి రమారమి 0.4 వంతున ఉత్పత్తి తఱుగును. వెనుక నీటిగొట్టములు పఱచినచో ఆ వేడి నీటికి జమ యగును. అయితే నీరు మిక్కిలి వేడి కావలెనన్న పలకయు వేడిగా నుండవలెను; విద్యుత్తు పద్దు తఱుగును.

ఇది తెలియకయే నేనొక వర్తకుని మాట విని, నీటిగొట్టములు లేని పలక కిరుప్రక్కల మెఱుగురేకులు నిలిపితిని. మాఘమున ఉత్పత్తి హెచ్చినది, సంతసించితిని. రెండవ వేసవికి పలక మూల గోధుమవన్నెకు తిరిగెను. రేకులు పెట్టినందున పూచీ చెల్లదని ఆ వర్తకుడే పలికెను! నష్టము నాదే. రేకులను తీసి నీటి హీటరు ప్రక్కన నిలిపితిని. గత పుష్యమాసమున మా యింట నీటికొఱకు పొయ్యి రాజవేసినది మబ్బుపట్టిన నాలుగు దినములే.