తరిమితే వచ్చినామా, వెంబడి వచ్చినామా?

పోయిన కూటంలో మన మలరుకు ‘మనం వచ్చిన కథ’ రాయాలనే మాట వచ్చింది. ఒకరు ‘మనలను తరిమినారు’ అన్నారు, ఇంకొకరు ‘మనమే వచ్చినాము’ అన్నారు. గొడవ అక్కడే నిలిచింది. నేను తమిళంలో చదువుకున్నవాణ్ణి, రైల్వేలో గుమాస్తా పని చేసినవాణ్ణి. తెలుగు అక్షరాలు నేర్చింది రిటైరైన తరువాతే. తప్పులుంటే మన్నించండి.

మా అవ్వ చెప్పిన కథ మీ ఇండ్లలోనూ ఉంటుంది. ఉత్తరాన ఒక తురక రాజు మన ఆడబిడ్డను అడిగినాడు. రాత్రికి రాత్రే బయలుదేరినాము. దండు తరుముకొని వచ్చింది. ఎదుట నిండు ఏరు. రెండు గట్ల మీది పుంగమానులు వంగి వంతెన అయినాయి. ఆంధ్రలో ఆ చెట్టును కానుగ అంటారు. 1909లో అచ్చయిన థర్‌స్టన్ పుస్తకంలో తొట్టియ నాయకుల కథగా ఇదే ఉంది. కి. రాజనారాయణన్ గారు 1976లో ‘గోపల్ల గ్రామం’ నవలలో కమ్మవారి వలసను ఇటువంటి కథతోనే చెప్పినారు. వేరువేరు కులాలకు ఒకే కథ ఉన్నదంటే, దాన్ని ఒక్క ఇంట్లో జరిగిన సంగతిగా తీసుకోలేము.

ఇప్పుడు మాటలు చూద్దాం. తమిళంలో ‘తురత్తు’, ‘విరట్టు’ అంటాము. మన ఇండ్లలో పిల్లలు ‘తొరత్తినాడు’ అనేస్తారు. తెలుగులో ఒక్కొక్క దానికి ఒక్కొక్క మాట ఉంది. చేలో పడిన కోతిని తరిమివేస్తాము. గట్టు దాటితే మన పని అయిపోయింది. ‘తరుముకొని వచ్చినారు’ అంటే అది వేరే, వాళ్ళు పట్టుకొనేదాకా ఆగరు. వెంటాడేది అంతకన్నా మొండిది. అప్పు వెంటాడుతుంది, చేసిన పాపం వెంటాడుతుంది. వెంబడించడంలో భయం ఉండనక్కరలేదు. తెలుగు బైబిల్లో ఏసు వెనక నడిచే శిష్యులకు ఆ మాటే వాడినారు. ఇక ఎద్దులను తోలుతాము. తోలేవాడూ ఎద్దులూ పోయేది ఒకే దారి. ‘వేట’ మాత్రం తమిళ ‘వేట్టై’కి, కన్నడ ‘బేటె’కి తోబుట్టువు.

మా అవ్వ కథలో ఈ మాటలు ఒక్కటి కాదు, మూడు ఉన్నాయి. ‘వాళ్ళు తరిమినారు, మనం ఆవులను తోలుకొని వచ్చినాము, వెంబడే చుట్టాలు వచ్చినారు.’ చిన్నప్పుడు నా చెవిలో పడింది మొదటి మాట ఒక్కటే.

చరిత్ర కూడా మూడింటికీ చోటిస్తుంది. విజయనగర కాలంలోనూ, తరువాత మధుర నాయకుల కాలంలోనూ తెలుగువాళ్ళు ఒక్క రాత్రిలో కాదు, తరతరాలుగా దక్షిణానికి వచ్చినారు. దండుతో వచ్చి పాళెములు ఏలినవారున్నారు. కోవిల్‌పట్టి, సాత్తూరు వైపు నల్లరేగడిని దున్నినవారున్నారు. ముందు వచ్చినవారు నిలదొక్కుకొన్నారని విని వెంబడి వచ్చినవారున్నారు. తరిమితే పారిపోయి వచ్చినవారూ ఉండవచ్చు. ఆ భయం అబద్ధమని నేను అనను. కానీ మనం తరమబడినవాళ్ళం మాత్రమే అని పిల్లలకు రాసిపెడితే, తోలుకొని వచ్చి చెరువు తవ్వి చేను చేసిన తాతల కష్టం కనబడకుండా పోతుంది. పక్కింటి మనిషి మీద లేని పగ ఒకటి మిగులుతుంది.

కనుక మలరులో మూడు మాటలూ వేయాలని నా మనవి. మీ అవ్వ, మీ జేజి ఏ మాట వాడిందో అడిగి, ఆమె అన్నట్లే కింద రాయండి. సరిదిద్దవద్దు.