మధుమేహం, రక్తపోటు, మూత్రపిండాలు: ఆయుర్వేద పథ్యం ఎంతవరకు?

ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ రైల్వే స్టేషన్ పరిసరాలలో, తార్‌బహార్‌లోను చుట్టుపక్కల రైల్వే కాలనీలలోను, తెలుగు కుటుంబాలు తరతరాలుగా నివసిస్తున్నాయి. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే మార్గాలు ఒక దిక్కున బిలాస్‌పూర్‌ను, మరొక దిక్కున వాల్తేరును తాకడంతో ఉత్తరాంధ్ర నుండి ఉద్యోగార్థులు ఇటు తరలివచ్చారు. 2003లో ఆగ్నేయ మధ్య రైల్వే ప్రధాన కేంద్రం కూడా బిలాస్‌పూర్‌లోనే ఏర్పాటైంది. ఊరు మారినా వంటిల్లు పెద్దగా మారలేదు. మూడుపూటలా వరి అన్నం, ఆవకాయ, అప్పడం, ఉప్పుచేప. వీటికి తోడు వేళాపాళా లేని రాత్రి డ్యూటీలు. మధుమేహం, అధిక రక్తపోటు కలిసి మూత్రపిండాలను దెబ్బతీయడానికి ఇంతకన్నా అనువైన పరిస్థితులు అక్కరలేదు.

భారత వైద్య పరిశోధన మండలి జరిపించిన సర్వే ఫలితాలు 2023లో వెలువడ్డాయి. వాటి ప్రకారం దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉంది, వయోజనులలో 35.5 శాతం మందికి అధిక రక్తపోటు ఉంది. మధుమేహులలో సుమారు మూడోవంతు మందికి కాలక్రమంలో మూత్రపిండాల జబ్బు వస్తుందని వైద్యుల అంచనా. ఉద్దానంలోను, ఛత్తీస్‌గఢ్‌లోని సుపేబేడా గ్రామంలోను కనిపించే మూత్రపిండాల వ్యాధిని దీనితో కలపరాదు. అక్కడ మధుమేహం లేనివారు సైతం జబ్బు పడుతున్నారు. మధుమేహం వల్ల కలిగే జబ్బుకు కారణం తెలుసు, ముందుగా పట్టుకునే పరీక్షా ఉంది. చిక్కల్లా అది తొలిదశలో నొప్పి గాని, వాపు గాని చూపకపోవడమే.

ఆయుర్వేదంలో ఈ వ్యాధి ప్రమేహాల వర్గానికి చెందుతుంది. చరక, సుశ్రుత సంహితలు ఇరవై ప్రమేహాలను పేర్కొన్నాయి. సుఖంగా కూర్చోవడం, అతినిద్ర, పెరుగు, పాలు, కొత్త ధాన్యం, బెల్లపు వంటకాలు దీనికి కారణాలని చరకుడు చెప్పాడు. రోగికి యవలు ప్రధానాహారం కావాలన్నాడు. సుశ్రుతుడు పాత ధాన్యాల జాబితాలో అరికెలను కూడా చేర్చాడు. ఛత్తీస్‌గఢ్ అడవి పల్లెలలో కోదో పేరిట పండేది ఈ అరికె ధాన్యమే. పేద రోగి నూరు యోజనాలు కాలినడకన తిరగాలని, బావులు తవ్వాలని సుశ్రుతుడు విధించిన నియమం నేటి వారికి వింతగా తోచవచ్చు. అయితే వారానికి కనీసం 150 నిమిషాల వ్యాయామం అవసరమంటున్న నేటి వైద్యం చెప్పేదీ ఆ దారిలోని మాటే.

ఆ గ్రంథాలలో మరొక నిజాయితీ ఉంది. కఫజ ప్రమేహాలు సాధ్యాలని, పిత్తజాలు యాప్యాలని, మధుమేహం చేరిన వాతజ వర్గం అసాధ్యమని అవి విభజించాయి. యాప్యం అంటే పూర్తిగా నయం కాక, పథ్యంతో అదుపులో ఉండేది. ‘నలభై రోజులలో షుగర్ మాయం’ అనే ప్రకటనలకు శాస్త్రంలోనే ఆధారం లేదు. మధుమేహాన్ని, అధిక రక్తపోటును నయం చేస్తామంటూ ప్రకటనలు ఇవ్వడం 1954 నాటి అభ్యంతరకర ప్రకటనల చట్టం ప్రకారం నిషిద్ధం కూడా.

మూత్రపిండాలు చెక్కుచెదరక ఉన్నంతకాలం ఈ పథ్యం మేలే చేస్తుంది. తెల్ల బియ్యం తగ్గించి అరికెలు, సామలు, చోళ్లు తినడం, పెసలు, ఆకుకూరలు పెంచడం, రాత్రి భోజనం త్వరగా ముగించడం చక్కెరకూ రక్తపోటుకూ మంచివే. మూత్రపిండాల వడపోత తగ్గిన తరువాత మాత్రం ఇందులో కొన్ని సలహాలు తలకిందులవుతాయి. ఈ మలుపు వద్దనే ఎక్కువమంది దెబ్బతింటున్నారు.

ముందుగా పొటాషియం సంగతి. దెబ్బతిన్న మూత్రపిండాలు దానిని బయటికి పంపలేకపోతే గుండె లయ తప్పి, ఒక్కోసారి ఆగిపోవచ్చు. తోటకూర, పాలకూర, మునగాకు, కొబ్బరినీళ్లు పొటాషియం నిండుగా ఉన్నవి. వంద మిల్లీలీటర్ల లేతకొబ్బరి నీటిలో సుమారు 250 మిల్లీగ్రాములు ఉంటుంది. చలువ చేస్తుందని రోజూ రెండు బొండాలు తాగించే ఇల్లాలికి ఈ లెక్క తెలియదు. రక్తంలో పొటాషియం పెరిగినవారు కూరగాయలను చిన్న ముక్కలుగా తరిగి, ఎక్కువ నీటిలో ఉడికించి, ఆ నీటిని వార్చేయడం మంచిది. బీర, పొట్ల, దొండ, సొరకాయలు కొంత సురక్షితం. అయితే సొరకాయ చేదుగా ఉంటే దాని రసం తాగరాదని భారత వైద్య పరిశోధన మండలి నిపుణులు హెచ్చరించారు. చిరుధాన్యాలలోనూ తెల్ల బియ్యం కన్నా భాస్వరం, పొటాషియం ఎక్కువ. కనుకనే చివరి దశల రోగికి పోషకాహార నిపుణులు మళ్లీ వరి అన్నమే సూచించవచ్చు. అందులో ఆశ్చర్యపడవలసింది లేదు. యవల నీరు, కషాయాలు ఎక్కువగా తాగితే మూత్రపిండాలు ‘కడిగినట్లు’ అవుతాయన్నది అపోహ. కాళ్లవాపు ఉన్నవారికి నీటి పరిమాణమే ప్రమాదం.

ఉప్పు విషయంలో మరొక భ్రమ ఉంది. ఆయుర్వేదం సైంధవ లవణాన్ని శ్రేష్ఠమన్నది నిజమే, కాని అది కూడా ప్రధానంగా సోడియం క్లోరైడే. రోజుకు అన్నీ కలిపి ఐదు గ్రాములు మించరాదన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిమితి దానికీ వర్తిస్తుంది. ‘తక్కువ సోడియం’ పేరిట అమ్మే ఉప్పులో సోడియం స్థానాన్ని పొటాషియం ఆక్రమిస్తుంది కాబట్టి మూత్రపిండాల రోగులకు అది మరీ చేటు. పచ్చళ్లు, ఊరమిరపకాయలు, ఉప్పుచేపలు పక్కన పెట్టడం ఏ మందు కన్నా ముందు చేయదగిన పని. మాంసకృత్తులు డయాలిసిస్ అవసరం పడనివారికి కిలో బరువుకు రోజుకు సుమారు 0.8 గ్రాములు చాలు.

అందరూ తెలుసుకోవలసిన మోసం ఒకటుంది. శరీరంలోని ఇన్సులిన్‌లో గణనీయ భాగాన్ని విచ్ఛిన్నం చేసేవి మూత్రపిండాలే. అవి పాడయ్యేకొద్దీ ఇన్సులిన్ రక్తంలో ఎక్కువసేపు నిలుస్తుంది, చక్కెర తగ్గుతుంది. కషాయం మొదలుపెట్టిన రోజుల్లోనే ఇది జరిగితే, మందు పనిచేసిందని రోగి సంబరపడి మాత్రలు మానేస్తాడు. నిజానికి తగ్గింది చక్కెర జబ్బు కాదు, మూత్రపిండాల శక్తి. మధుమేహం తనంతట తాను తగ్గినట్టు కనిపిస్తే క్రియాటినిన్ పరీక్ష చేయించడం తప్పనిసరి.

మూలికల విషయంలో వివేచన ఇంకా అవసరం. పసుపు, ఉసిరి కలిసిన నిశామలకి యోగం ప్రాచీనమే, వంటింటి మోతాదులో హాని అరుదు. సర్పగంధకు రక్తపోటు తగ్గించే గుణం నిజంగానే ఉంది. ముంబయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ 1949లో దాని ప్రభావాన్ని బ్రిటిష్ వైద్య పత్రికలో ప్రచురించాడు. 1952లో దాని నుండి రెసెర్పిన్‌ను వేరుచేశారు. అయినా ఇతర బీపీ మాత్రలతో కలిపి వాడితే ఒత్తిడి మరీ పడిపోవచ్చు, మానసిక కుంగుబాటు కూడా రావచ్చు. దగ్గుకు వాడే అతిమధురం ఇందుకు విరుద్ధంగా రక్తపోటు పెంచుతుంది. ఈశ్వరి తీగ చెందిన అరిస్టొలోకియా జాతి మొక్కలలోని ఆమ్లం మూత్రపిండాలను శాశ్వతంగా పాడుచేస్తుందని 1990లలో బెల్జియం వైద్యులు వెల్లడించారు. భస్మాల సంగతీ అంతే. 2004లో అమెరికాలోని బోస్టన్ ప్రాంతపు దుకాణాలలో కొన్న 70 ఆయుర్వేద ఉత్పత్తులలో 14 సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకదానితో కలుషితమై ఉన్నట్టు తేలింది. దేశీయ వైద్యపు మందులు వాడినవారిలో ఒక రకం మూత్రపిండ వ్యాధి కనిపించినట్టు వెల్లూరు వైద్యులు 2022లో నివేదించారు. కీళ్లనొప్పులకు వాడే అల్లోపతి నొప్పి మాత్రలు కూడా ఇదే పని చేస్తాయి. వాటిని విస్మరించి మూలికలనే తప్పుపట్టడం న్యాయం కాదు.

రెండవ రకం మధుమేహం గుర్తించిన నాటి నుండి ఏడాదికొకసారి రెండు పరీక్షలు అవసరం: మూత్రంలో ఆల్బుమిన్–క్రియాటినిన్ నిష్పత్తి, రక్తంలో క్రియాటినిన్. నిష్పత్తి 30 దాటడం, వడపోత రేటు మూడు నెలలు వరుసగా 60 కంటే తక్కువ ఉండటం హెచ్చరికలు. రక్తపోటు 130/80 లోపు ఉండేలా వైద్యుడు సూచించిన మాత్రలు, ముఖ్యంగా మూత్రపిండాలను కాపాడే బీపీ మందులు, ఆపకూడదు. బిలాస్‌పూర్‌లో రైల్వే ఉద్యోగులకు కేంద్రీయ ఆసుపత్రి, ఇతరులకు సిమ్స్ వైద్య కళాశాల ఆసుపత్రి ఉన్నాయి. క్లిష్టమైన కేసులకు రాయ్‌పూర్ ఎయిమ్స్ ఉంది. 2016లో ప్రారంభమైన ప్రధానమంత్రి జాతీయ డయాలిసిస్ కార్యక్రమం కింద దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి జిల్లా ఆసుపత్రులలో ఉచిత డయాలిసిస్ లభిస్తుంది. ఆయుర్వేద వైద్యుని కలిసేవారు తాజా క్రియాటినిన్, పొటాషియం నివేదికలను, వాడుతున్న మాత్రల చీటీని వెంట తీసుకువెళ్లాలి. ఇచ్చే మందులో భస్మం ఉందో లేదో అడిగి తెలుసుకోవాలి. మందు మొదలుపెట్టిన రెండు మూడు వారాలలో ఆ రెండు పరీక్షలు మళ్లీ చేయించుకోవాలి.