రెక్కలు లేని దేవతలు: పిల్లలమర్రి చిత్రం, ఇటలీ దేవదూతలు

సూర్యాపేట, మోతె పరిసరాల మధ్యయుగ చరిత్రకు పిల్లలమర్రి ముఖ్యమైన ఆకరం. కాకతీయుల సామంతులైన రేచర్ల రెడ్లు ఇక్కడ ఆలయాలు నిర్మించారు. వాటిలో ఎరకేశ్వరాలయం 1208 నాటిది. ఈ గ్రామంలో మిగిలిన కాకతీయకాలపు వర్ణచిత్రాల అవశేషాలలో క్షీరసాగరమథనం ప్రసిద్ధమైనది. ఇంచుమించు ఒక శతాబ్ది తరువాత ఇటలీలో దేవదూతల చిత్రణ కొత్త మలుపు తిరిగింది. ఈ రెండింటినీ పోల్చినప్పుడు 'దేవదూత' అనే పదాన్ని తెలుగు కళావిమర్శలో ఎంతవరకు వాడవచ్చునన్న ప్రశ్న ఎదురవుతుంది.

సియెనా ప్రధాన దేవాలయంలో 1311లో ప్రతిష్ఠించిన దుచ్చో చిత్రంలో దేవదూతలు బంగారు నేపథ్యంలో మరియమాత సింహాసనం చుట్టూ బారులు తీరి నిలుస్తారు. రెక్కలు, శిరస్సు వెనుక కాంతివలయం వారి గుర్తులు. వారిది పరివార స్థానం. పాదువాలో జొత్తో సుమారు 1305లో పూర్తిచేసిన కుడ్యచిత్రాలలో క్రీస్తు మృతదేహంపై ఎగిరే దేవదూతలు చేతులు చాచి, ముఖాలు కప్పుకొని విలపిస్తారు. సాక్షులుగా నిలిచినవారు శోకంలో భాగస్వాములయ్యారు. రెక్కలు మాత్రం అలాగే ఉన్నాయి.

తెలుగునాట సంప్రదాయం వేరు. బుద్ధుని భిక్షాపాత్రను స్వర్గానికి మోసుకుపోయే అమరావతి శిల్పంలోని దేవతలకు రెక్కలు లేవు. వంచిన కాళ్లు, ఒరిగిన దేహాలే వారి ఆకాశగమనాన్ని సూచిస్తాయి. పక్షిరూపం గరుడునికి, కిన్నరులకు పరిమితం. సాగరమథన కథలోని దేవతలు ఎవరి సందేశాన్నీ మోసేవారు కారు. అమృతం కోసం అసురులతో కలిసి శ్రమించేవారు. కథకు కర్తలు వారే.

'దేవదూత' శబ్దం మన వాఙ్మయానికి కొత్త కాదు. మహాభారత అరణ్యపర్వంలోని ముద్గలోపాఖ్యానంలో దేవదూత హంసలు పూన్చిన విమానంలో వస్తాడు. ఎగిరే శక్తి వాహనానిది, దేహానిది కాదు. గ్రీకు మూలపదానికి కూడా దూత అనే అర్థం. కనుక రెండు సంప్రదాయాలకూ దౌత్యం సమానమే. రెక్క సమానం కాదు.

గంధర్వ, విద్యాధర, అప్సరోరూపాలన్నింటినీ 'దేవదూతలు'గా వ్యవహరిస్తే వారి స్వతంత్రస్థానం మరుగునపడుతుంది. రూపసామ్యాన్ని బట్టి కాక, కథలో పాత్ర నిర్వహించే పనిని బట్టి పేరు నిర్ణయించడం సమంజసం. వెలిసిపోతున్న చిత్రాలకు వర్ణనే ఆధారంగా మిగిలే అవకాశం ఉంది కనుక పిల్లలమర్రి విషయంలో ఈ జాగ్రత్త మరింత అవసరం.