వేగపు బండి – తొలి సవారి

మోటారుసైకిలు కొనదలచిన కుఱ్ఱవాడు అంగడిలో అడుగిడినంతనే అతని చూపు నిలుచునది ముందుకు వంగిన హాండిలు, ఎత్తైన వెనుక సీటు గల పందెపు వాలకపు బండి మీదనే. ఇది మొదటి బండిగా తగునా అని వెంట వచ్చిన తండ్రి సందేహించును. ఈ సందేహము నేటిది కాదు. దీనికి జవాబు వెదకుచు కొన్ని దేశముల ప్రభుత్వములు అరువది ఏండ్లకు పైగా చట్టములు వ్రాసినవి, దిద్దినవి, మరల వ్రాసినవి. వానిలో బ్రిటను కథ మిక్కిలి బోధకరమైనది గనుక దానినే ముచ్చటింతము.

తొలినాళ్లలో ఈ ప్రశ్న పుట్టుటకే తావు లేదు. 1907లో మాన్ ద్వీపమున టూరిస్ట్ ట్రోఫీ పందెము మొదటిసారి జరిగినపుడు అందు పాల్గొన్నవి దారిబండ్లే. మాచ్‌లెస్ బండి మీద గెలుపొందిన చార్లీ కాలియరు సగటున గంటకు 38 మైళ్లు పోయెను. ఈనాడు కళాశాలకు పోవు బాలిక నడుపు స్కూటరు కూడ ఆ వేగమును సునాయాసముగా మించును.

1935లో బ్రిటనున చోదక పరీక్ష నిర్బంధమైనది. నేర్చుకొనువారు బండికి ముందు వెనుకల ఎఱ్ఱని ‘ఎల్’ అక్షరము గల పలక తగిలించుకొనవలెను. అయితే ఆ పలకను ఎంతటి ఇంజను గల బండికి తగిలించవచ్చునో చట్టము చెప్పలేదు. పదునారేండ్ల బాలుడు జీవితమున మొట్టమొదటిసారిగా 650 సి.సి. ట్రయంఫ్ బండి నెక్కి రాజమార్గమున పడినను అడ్డు చెప్పువారు లేరు. 1950ల చివరకు చేతిలో జీతము, వాయిదాల మీద బండి గల యువకులు లండను నగరపు ‘ఏస్ కేఫ్’ వంటి చోట్ల గుమిగూడి, గంటకు 100 మైళ్ల వేగమును అందుకొనుటయే పరమార్థముగా భావించిరి. పెట్టెలో పాట మొదలుపెట్టి, అది ముగియులోపల చుట్టు తిరిగి రావలెనను పందెము ఆనాటి పత్రికలకు ప్రియమైన కథ. ఆ కథల వెనుక శవపేటికలును ఉండెను.

1961లో చట్టము మారినది. పరీక్ష నెగ్గువరకు 250 సి.సి. మించిన బండిని నడుపరాదు. ఇంజను చిన్నదైన వేగము తగ్గును, వేగము తగ్గిన ప్రాణము దక్కును అనునది దాని తర్కము. కర్మాగారముల వారు మాత్రము ఆ గీతను వేరు కంటితో చూచిరి. చట్టము పరిమాణమును గూర్చి చెప్పినదే గాని శక్తిని గూర్చి చెప్పలేదు గదా! గీతకు ఇవతల నిలిచి ఎంత వేగము పిండవచ్చునో అంతయు పిండిరి. 1964లో రాయల్ ఎన్‌ఫీల్డువారు ‘కాంటినెంటల్ జీ.టీ.’ అను 250 సి.సి. బండిని వెలువరించిరి. ఎఱ్ఱని ట్యాంకు, క్రిందికి దిగిన హాండిలు, వెనుకకు జరిపిన కాలిపీటలు, అయిదు గేర్లు; గంటకు 85 మైళ్లు పోవునని ప్రకటన. అచ్చముగా పందెపు బండి, అయినను నేర్చుకొనువాని కొఱకే. (ఈ సంస్థ పేరు మనకు క్రొత్తది కాదు, 1955 నుండి మద్రాసులో బుల్లెట్టు బండ్లు తయారైనవి ఈ పేరుతోనే.) పిమ్మట జపానువారు వచ్చిరి. 1966 నాటి సుజుకి ‘సూపర్ సిక్స్’కు ఆరు గేర్లు. 1980లో యమహా ‘ఆర్.డి. 250 ఎల్.సి.’ వచ్చెను; 35 అశ్వశక్తి, గంటకు దాదాపు 100 మైళ్లు. ఏ వేగము నుండి బాలురను తప్పింపవలెనని చట్టము పుట్టెనో, ఆ వేగమే ‘ఎల్’ పలకతో చట్టబద్ధముగా వారి చేతికి వచ్చినది.

మోపెడ్ల విషయమున ఇదే విడ్డూరము మరింత నవ్వు పుట్టించునట్లు జరిగినది. 1971లో మోటారుసైకిలు వయస్సును పదునేడుకు పెంచి, పదునారేండ్లవారికి 50 సి.సి. మోపెడ్లు మాత్రము విడిచిరి. వానికి పెడళ్లుండవలెనని నియమము. యమహా ‘ఎఫ్.ఎస్.1-ఇ’ వంటి బండ్లకు పెడళ్లు తగిలించిరి, అంతే. తక్కినదంతయు బుల్లి పందెపు బండియే. 1977లో మోపెడ్ వేగమునకు గంటకు 30 మైళ్లని గీత గీయవలసి వచ్చెను. 1983లో నేర్చుకొనువారికి 125 సి.సి., దానితోపాటు సుమారు 12 అశ్వశక్తి అని రెండు హద్దులు పెట్టిరి. చట్టము శక్తిని కొలుచుట నేర్చుటకు ఇరువది రెండేండ్లు పట్టినది. 1990లో ప్రాథమిక శిక్షణ నిర్బంధమైనది.

జపానువారు 1975లో 400 సి.సి. వద్ద మెట్టు కట్టిరి. 408 సి.సి. గల హోండా బండిని స్వదేశపు అంగడి కొఱకు 398కి కుదించి అమ్ముటయు, 1980లలో ఆ మెట్టునకు లోబడియే పందెపు నకళ్లు వెల్లువెత్తుటయు మనము ఊహింపదగినవే.

ఇంతకును పందెపు బండి తొలి సవారికి ఏల తగదు? వేగమొక్కటే కారణము కాదు. కొత్తవాని చేయి గోతిలో అదిరిన యాక్సిలరేటరు తెలియకయే తిరుగును. చిన్న బండి ఆ తప్పును క్షమించును, పెద్దది క్షమింపదు. ఆనాటి టూ-స్ట్రోకు ఇంజను తక్కువ చుట్లలో సాధువుగా నుండి, ఒక మేర దాటగానే బలమునంతయు ఒక్కసారిగా గ్రుమ్మరించును. వాడియైన ముందు బ్రేకును జడిసి పిడికిలించినచో చక్రము బిగిసి బండి పడును. వంగిన హాండిలు వలన శరీరభారము మణికట్ల మీద పడుట, సందులలో త్రిప్పుటకు చాలినంత మలుపు లేకుండుట సరేసరి. 1981లో అమెరికాలో హ్యారీ హర్టు బృందము ప్రకటించిన నివేదిక మరియొక సంగతి చెప్పినది. లాస్ ఏంజిలిస్ ప్రాంతమున వారు స్వయముగా పరిశీలించిన 900 ప్రమాదములలో చిక్కినవారిలో నూటికి 92 మంది తమంతట తామో, బంధుమిత్రుల వద్దనో నేర్చినవారు. సగము మందికి పైగా ఆ బండితో అయిదు నెలల పరిచయమైనను లేనివారు. వీరిలో ఏండ్ల తరబడి నడిపినవారును ఉండిరి. బండి మారినపుడు అనుభవజ్ఞుడును కొంత కొత్తవాడే యగుచున్నాడు.

మన దేశమున 1983లో ఎస్కార్ట్సువారు యమహా నమూనాను ‘రాజదూత్ 350’ పేరుతో తెచ్చిరి. శక్తి 30 అశ్వశక్తులు. ముందు చక్రమునకు మాత్రము జపాను బండికి గల డిస్కు బ్రేకునకు బదులు డ్రమ్ము బ్రేకు! కొత్తవానికి ఇంతకన్న అననుకూలమైన పొందిక మాకు తోచుట లేదు. 1988 నాటి మోటారు వాహనముల చట్టము ప్రకారము మనకు గేరు బండి లైసెన్సుకు పదునెనిమిదేండ్లు నిండిన చాలును. ఇంజనును బట్టి మెట్లు లేవు. హైదరాబాదులో 110 సి.సి. బండి మీద పరీక్ష నెగ్గినవాడు మరునాడు 1000 సి.సి. బండి నెక్కవచ్చును. ఐరోపాలో 2013 నుండి అదే యువకుడు మొదట 35 కిలోవాట్ల లోపలి బండితో రెండేండ్లు గడుపవలెను, లేదా ఇరువది నాలుగేండ్లు నిండువరకు ఆగవలెను. అయితే మన అంగళ్లలో పందెపు వేషముతో అమ్ముడుపోవు బండ్లలో పెక్కింటికి 150 సి.సి. ఇంజను, 20 లోపు అశ్వశక్తియే గలదు. అట్టివి శిక్షణానంతరము తొలి బండిగా పనికివచ్చుననియే మా అభిప్రాయము. మణికట్లు మాత్రము కొన్నాళ్లు నొచ్చును.