చాక్‌పీసు చేతికిచ్చి చెప్పమంటే..

మొన్నామధ్య రాత్రి పదకొండింటికి మా చిన్నమ్మ కొడుకు ఫోన్ చేశాడు. వాడు ఎకనామిక్స్‌లో పీహెచ్‌డీ చేస్తున్నాడు. ఆ టైములో ఫోనంటే ఏమైందో అని కంగారుపడ్డాను.

"అన్నా, రేపట్నుంచి ఫస్టియర్ క్లాస్ నువ్వే తీస్కో అన్నరు. పాతబస్తీల డిగ్రీ కాలేజి. అరవై మంది పిల్లలు. ఏం చెయ్యాలె?"

"ఎలా చెప్పాలో ఎవరైనా ఏమైనా చెప్పార్రా?"

"సిలబస్ కాయితం ఇచ్చిండ్రు. చాక్‌పీసులు స్టాఫ్ రూంల ఉంటయన్నరు."

అంతే! అదీ వాడికి దొరికిన ట్రైనింగ్.

కోడు రాసుకునే నన్నెందుకు అడిగాడంటే, ఎమ్మెస్ చేసే రోజుల్లో నేను ఒక ఎకనామిక్స్ డిపార్ట్‌మెంట్లో స్టాటిస్టిక్స్ ల్యాబుకి టీఏగా పనిచేశాను. సబ్జెక్టు మీద ప్రేమతో కాదు, ఫీజు మాఫీ కోసం :-) అక్కడ మొదటి వారంలో మాకు చిన్న వర్క్‌షాపు పెట్టారు. ఒక్కొక్కరం పది నిమిషాలు పాఠం చెప్పాలి, వాళ్ళు వీడియో తీస్తారు, తరవాత మనల్నే కూచోబెట్టి చూపిస్తారు. నా వీడియోలో పది నిమిషాల్లో దాదాపు ఎనిమిది నిమిషాలు నా వీపే కనిపించింది! బోర్డుతో మాట్లాడుతున్నాను, పిల్లలతో కాదు. ఆ ఒక్క వీడియో నాకు నేర్పినంత ఏ పుస్తకమూ నేర్పలేదు.

అమెరికాలో కూడా ఇది మొదట్నుంచీ లేదు. పీహెచ్‌డీ చేస్తున్న కుర్రాళ్ళకి తరగతి అప్పగించేముందు నేర్పాలి అని అక్కడి ఆర్థికవేత్తలు గట్టిగా పట్టించుకున్నది 1970ల్లో. అలా అని అక్కడేదో స్వర్గం ఉందనుకోకండి. బెకర్, వాట్స్ అనే ఇద్దరు ప్రొఫెసర్లు 1995 నుంచి ఐదేళ్ళకోసారి సర్వే చేస్తే, డిగ్రీ ఎకనామిక్స్ క్లాసులో మధ్యస్థంగా 83 శాతం సమయం ఉపన్యాసానికే పోతోందని తేలింది. 2000లోనూ అంతే, 2005లోనూ అంతే. ఇంగ్లీషులో ఆ పద్ధతికి 'చాక్ అండ్ టాక్' అని పేరు. అంటే జబ్బు అంతటా ఉంది. అక్కడ జబ్బని ఒప్పుకుని కొలిచారు, అదీ తేడా.

ఆ రాత్రి వాడికి నాకు తోచిన రెండు ముక్కలు చెప్పి పడుకున్నాను గానీ నిద్ర పట్టలేదు. మన ఊళ్ళో ఎకనామిక్స్ చెప్పడం ఎప్పుడు, ఎలా మొదలైందసలు? అప్పట్నుంచీ దొరికింది దొరికినట్టు చదువుతున్నాను. ఈ టపా దాని గురించే.

కథ పాతబస్తీలోనే మొదలవుతుంది. హైకోర్టు పక్కన, మూసీ ఒడ్డున సిటీ కాలేజీ భవనం చూసే ఉంటారు. విన్సెంట్ ఎష్ అనే ఇంగ్లీషు ఆర్కిటెక్టు గీసిన భవనం అది. హైకోర్టూ, కాచిగూడ స్టేషనూ, ఉస్మానియా ఆసుపత్రీ కూడా ఆయన డిజైన్లే. ఆ కాలేజీ మూలాలు 19వ శతాబ్దపు దారుల్ ఉలూమ్ బడిలో ఉన్నాయి. 1921లో అది సిటీ హైస్కూలుగా ఉంటూనే ఓ 30 మందితో ఇంటర్మీడియట్ మొదలుపెట్టింది. 1929లో ఉస్మానియా కింద కాలేజీ అయింది. బోధన ఉర్దూలో.

ఉర్దూలో కాలేజీ చదువు అనేది ఆ రోజుల్లో మామూలు సంగతి కాదు. దేశంలో యూనివర్సిటీ చదువంటే ఇంగ్లీషే. అక్బర్ హైదరీ సలహా మీద 1917లో ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కొత్త యూనివర్సిటీకి ఫర్మానా ఇచ్చాడు. చదువంతా ఉర్దూలో, ఇంగ్లీషు మాత్రం ఒక సబ్జెక్టుగా అందరికీ తప్పనిసరి. బషీర్‌బాగ్‌లో నిజాం కాలేజీ పక్క భవనంలో 1919లో క్లాసులు మొదలైనప్పుడు 225 మంది విద్యార్థులు, 25 మంది అధ్యాపకులు.

మరి ఉర్దూలో చెప్పాలంటే పుస్తకాలేవీ? అందుకని యూనివర్సిటీ కంటే ముందే, 1917లోనే, దారుల్ తర్జుమా అని ఒక అనువాద విభాగం పెట్టారు. మౌల్వీ అబ్దుల్ హక్ దానికి మొదటి అధిపతి. జోష్ మలీహాబాదీ లాంటి మహాకవి కూడా తరవాత అక్కడ ఉద్యోగం చేశాడు. మాటలు ఎలా పుట్టించాలి అన్నదాని మీద వహీదుద్దీన్ సలీం ఏకంగా ఒక పుస్తకమే రాశాడు. ఎకనామిక్స్ వరకూ వస్తే ఇల్యాస్ బర్నీ అనే ప్రొఫెసర్ ఉన్నాడు. ఉస్మానియా పుట్టిన రోజుల్లోనే 'ఇల్ముల్ మయీషత్' అని ఉర్దూలో పెద్ద ఆర్థికశాస్త్ర గ్రంథం రాశాడాయన. అన్నట్టు, ఉర్దూలో తొలి ఎకనామిక్స్ పుస్తకాల్లో ఒకటి రాసింది ఎవరో తెలుసా? కవి ఇక్బాల్! లాహోర్‌లో కుర్ర లెక్చరరుగా పనిచేసే రోజుల్లో, 1904 ప్రాంతంలో వచ్చింది.

ఇదంతా చదువుతుంటే ఒళ్ళు పులకరించింది. ఒక సబ్జెక్టు చెప్పడానికి ముందు దానికి భాషని తయారుచేసుకోవడం, అందుకు సర్కారు డబ్బు పెట్టడం! కానీ ఇంకోవైపు కూడా చూడాలి కదా. ఆ రాజ్యంలో ఎక్కువమంది ఇళ్ళల్లో మాట్లాడేది తెలుగు, మరాఠీ, కన్నడం. నల్గొండ నుంచో వరంగల్ నుంచో వచ్చిన పిల్లాడికి ఉర్దూ కూడా నేర్చుకుని ఎక్కాల్సిన మెట్టే, కాకపోతే ఇంగ్లీషు కంటే కాస్త తక్కువ ఎత్తు.

ఇక్కడ ఒక తమాషా ఉంది. నిజాం రాజ్యానికి సొంత రూపాయి ఉండేది, హాలీ సిక్కా. బ్రిటిష్ రూపాయలు ఆరు కావాలంటే హాలీ సిక్కాలు ఏడు ఇవ్వాలి. అంటే విదేశీ మారకం అనే పాఠం పత్తర్‌గట్టీలో కొట్టు పెట్టుకున్న ప్రతివాడికీ వేళ్ళ మీద లెక్క! అదే పాఠం పుస్తకంలో పౌండ్లూ షిల్లింగులతో చదివితే బుర్ర తిరుగుతుంది. పుస్తకంలో ఉన్నదానికీ, పిల్లాడి జేబులో ఉన్నదానికీ మధ్య వంతెన కట్టేవాడే టీచరు. ఆ వంతెన ఎలా కట్టాలో టీచరుకి ఎవరు నేర్పుతారు?

1948లో పోలీసు యాక్షన్ అయింది. ఆ తరవాత కొద్దికాలానికే ఉస్మానియాలో ఉర్దూ పోయి ఇంగ్లీషు వచ్చింది. నిన్నటిదాకా ఉర్దూలో పాఠం చెప్పినాయన ఇవాళ్టినుంచి ఇంగ్లీషులో చెప్పాలి. ఇరవై ఏళ్ళు తిరిగాయి. 1968లో తెలుగు అకాడమీ పెట్టారు, పి.వి.నరసింహారావు గారు మొదటి అధ్యక్షుడు. మళ్ళీ మాటల కార్ఖానా మొదలు. తెలుగు మీడియంలో సీఈసీ చదివినవాళ్ళని అర్ధరాత్రి నిద్రలేపి అడిగినా 'క్షీణోపాంత ప్రయోజన సూత్రం' అని గుక్కతిప్పుకోకుండా చెప్తారు. 'డిమాండ్ వ్యాకోచత్వం', 'ఉదాసీనతా వక్రరేఖలు' కూడా :-) తరవాత 1998లో, మన గచ్చిబౌలి ఆఫీసులకి కూతవేటు దూరంలో, మౌలానా ఆజాద్ ఉర్దూ యూనివర్సిటీ వచ్చింది. మళ్ళీ ఉర్దూ పుస్తకాలు కావాల్సి వచ్చాయి.

చూశారా, ఈ ఒక్క ఊళ్ళో ఎకనామిక్స్ ఎన్నిసార్లు భాష మార్చుకుందో! నాకు అర్థమైనంతలో ప్రతిసారీ డబ్బూ, మేధా, పట్టుదలా పుస్తకం మీదకే పోయాయి. పుస్తకం పట్టుకుని పిల్లల ముందు నిలబడే పాతికేళ్ళ కుర్రాడి సంగతి ఎవరికీ పట్టలేదు. స్కూల్లో ఆరో తరగతికి చెప్పాలంటే బీఎడ్ కావాలి. డిగ్రీకి చెప్పాలంటే అక్కర్లేదు! 1989 నుంచి నెట్ పరీక్ష ఉంది, కానీ అది నీకు సబ్జెక్టు వచ్చా అని చూస్తుంది. పది నిమిషాలు పాఠం చెప్పి చూపించమని అడగదు. 1986 జాతీయ విద్యావిధానం తరవాత ఉస్మానియాతో సహా కొన్ని యూనివర్సిటీల్లో అకడమిక్ స్టాఫ్ కాలేజీలు పెట్టారు, నాలుగు వారాల ఓరియెంటేషన్ ఇచ్చేవారు. మంచిదే. కానీ అది ముఖ్యంగా ఉద్యోగంలో చేరిపోయినవాళ్ళకి. మొదటి అరవైమంది మీద ప్రయోగం అప్పటికే అయిపోయి ఉంటుంది.

మన దగ్గర చూడండి. ఒక ప్రాజెక్టు చేతులు మారాలంటే కేటీ ప్లాన్ లేకుండా కదలదు. మొదట పక్కన కూచుని చూడాలి, తరవాత నువ్వు చేస్తుంటే వాళ్ళు చూడాలి, ఆ తరవాతే సంతకం. ఎవడో క్లయింటు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌కి ఇంత జాగ్రత్త! అరవైమంది పిల్లల మూడేళ్ళకి చాక్‌పీసు ఒక్కటే.

పోనీ ఇదేమైనా మనకి తెలియని విద్యా అంటే అదీ కాదు. పాతకాలపు మదరసాల్లో 'ముయీద్' అని ఒకడుండేవాడు. ఆ మాటకి అర్థమే 'మళ్ళీ చెప్పేవాడు'. గురువు పాఠం చెప్పి వెళ్ళాక, అర్థంకానివాళ్ళని కూచోబెట్టి మళ్ళీ చెప్పడం వాడి పని. అంటే టీఏనే! ఇక మద్రాసులో 1789లో అనాథ పిల్లల బడి నడిపిన ఆండ్రూ బెల్ అనే పాదిరీ, ఇక్కడి వీధిబడిలో పిల్లలు ఇసకలో అక్షరాలు దిద్దడం చూసి, పెద్ద పిల్లల చేత చిన్న పిల్లలకి చెప్పించే పద్ధతి తయారుచేశాడు. దాన్ని ఇంగ్లండు తీసుకెళ్ళి 'మద్రాసు పద్ధతి' అని 1797లో పుస్తకం వేశాడు. అది అక్కడ వందల బడులకి పాకింది. మన వీధిబడి సరుకు లండన్‌కి ఎగుమతి అయింది, ఇక్కడ మాత్రం స్టాకు లేదు.

ఇప్పుడైనా కాగితం మీద ఒక మంచి మాట పడింది. 2022లో యూజీసీ తెచ్చిన పీహెచ్‌డీ నిబంధనల్లో, ఏ సబ్జెక్టువాళ్ళైనా తమ సబ్జెక్టు బోధించడంలో శిక్షణ పొందాలి అని ఉంది. ట్యుటోరియళ్ళు, ల్యాబులు, పేపర్లు దిద్దడం లాంటి పనులు వారానికి 4 నుంచి 6 గంటలు అప్పగించొచ్చు అని కూడా ఉంది. నేను మావాడికి ఈ సంగతి చెబితే "గట్లుందా అన్నా?" అన్నాడు. వాడికి పని మాత్రమే అందింది, శిక్షణ అందలేదు.

సరే, మావాడి సంగతికొద్దాం. మొదటి వారం వాడు ఇంగ్లీషులో 'లా ఆఫ్ డిమినిషింగ్ మార్జినల్ యుటిలిటీ' అని గ్రాఫు గీశాడట. తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్ళకి ఇంగ్లీషు పేరు వినగానే ఏమీ తట్టలేదు. తెలుగు పేరు చెప్పగానే ఆ పొడుగు మాట గడగడా అప్పజెప్పారు. అర్థం అడిగితే నిశ్శబ్దం. ఉర్దూ మీడియం నుంచి వచ్చిన ఒకమ్మాయి 'ఖానూన్-ఎ-తఖ్లీల్-ఎ-ఇఫాదా' అంది. అర్థం అడిగితే నవ్వి, "నై మాలూమ్ సర్" అంది. చూడండి, వందేళ్ళ శ్రమ, మూడు భాషల మాటలు ఒకే గదిలో ఉన్నాయి, విషయం మాత్రం లేదు.

ఆ రోజు మావాడు ఇంటికెళ్ళి మానేద్దామనుకున్నాడట. నాకు ఫోన్ చేసి గంటసేపు తిట్టాడు, ఎవర్నో తెలియకుండా. నేను నా వీపు వీడియో కథ చెప్పాను. "నీ ఫ్రెండొకణ్ణి తీసుకెళ్ళి వెనక బెంచీలో కూచోబెట్టు. పాఠం గురించి వద్దు, పిల్లల మొహాలు ఎప్పుడెప్పుడు మారాయో రాసుకొమ్మను. వాడి క్లాసుకి నువ్వెళ్ళి అదే చెయ్యి" అన్నాను. మన కోడ్ రివ్యూయే, పైసా ఖర్చు లేదు.

తరవాతి వారం పుస్తకంలో ఆపిల్ పళ్ళు తీసేసి హలీం పెట్టాడట. ఉపవాసం విడిచాక మొదటి ప్లేటుకి ఎంత ఇస్తావ్? రెండోదానికి? మూడోది ఊరికే ఇస్తే తింటావా? క్లాసంతా ఒకటే గోల. ఆ నవ్విన అమ్మాయే లేచి, "సర్, అందుకేనా మూడో ప్లేటు పార్సెల్ చేయించుకుంటాం?" అందట. చెల్లెలికి ఇస్తే మళ్ళీ అది మొదటి ప్లేటే అవుతుంది కదా అని! ఇది మాత్రం నాకు తట్టని సంగతి.

వాడు ఇంకా మానలేదు. వచ్చే నెల లాడ్‌బజార్ గాజుల కొట్లతో పోటీ మార్కెట్ చెప్తాడట. వెనక బెంచీలో కూచోడానికి రమ్మన్నాడు. శనివారం కాబట్టి వెళ్దామనుకుంటున్నాను. మీలో ఎవరైనా అక్కడ టీఏలుగా పనిచేసి వచ్చినవాళ్ళుంటే, మీ పాత వర్క్‌షాపు కాగితాలేమైనా మిగిలుంటే, మీ ఊళ్ళో ఇలాంటి కుర్రాడెవడో ఉంటాడు, ఒక ఫోన్ చెయ్యండి. దారుల్ తర్జుమా పెట్టడానికి నిజాం ఖజానా కావాలేమో గానీ, దీనికి ఒక శనివారం చాలు.