గ్రాంటురోడ్డు చాళ్లలో హ్రస్వతరంగములు

కామాఠీపురమునకు మన పూర్వులు వచ్చి రెండు వందల సంవత్సరములు దాటినది. నిజాము రాజ్యపు పల్లెలనుండి తాపీ పనివారు, రాళ్లు కొట్టువారు, కూలినాలి జనము వచ్చి ఈ పల్లపు నేలను మెరక చేసిరనియు, బొంబాయి నగరపు గోడలను ఎత్తిరనియు మన పెద్దలు పలుమారులు వ్రాసియున్నారు. కట్టినవారి చరిత్ర కొంతవరకైనను వ్రాయబడినది. పగలెల్ల శ్రమించి వచ్చిన ఆ జనము రాత్రివేళ పదడుగుల ఖోలీలో కూర్చుండి ఏమి వినుచుండిరను సంగతిని మాత్రము ఎవరును పట్టించుకొనినట్లు కానరాదు. ఆ వినికిడికి సంబంధించిన నాలుగు మాటలు ఇక్కడ వ్రాయదలచితిమి. మేము పండితులము కాము. రేడియో యంత్రశాస్త్రము చదివినవారమును కాము. చిన్ననాటినుండి మీట త్రిప్పుచు దూరపు స్టేషన్లను పట్టుట మాకు వ్యసనము.

బొంబాయిలో రేడియో క్లబ్బువారు 1923లోనే చిన్న యంత్రముతో ప్రసారములు జరిపిరి. 1927 జులై 23న ఇండియన్ బ్రాడ్‌కాస్టింగ్ కంపెనీవారి బొంబాయి కేంద్రమును వైస్రాయి లార్డ్ ఇర్విన్ ప్రారంభించెను. దాని శక్తి ఒకటిన్నర కిలోవాట్లు మాత్రమే. మూడేండ్లు నిండకమునుపే ఆ కంపెనీ దివాలా తీయగా 1930లో ప్రభుత్వము దానిని చేపట్టెను. 1936లో ఆల్ ఇండియా రేడియో అను పేరు వచ్చెను. ఇవి అన్నియు నగర చరిత్రకు గొప్ప సంగతులే గాని, తెలుగు చెవికి వానివలన ఒనగూడినది స్వల్పము. అవి మధ్యమ తరంగముల ప్రసారములు. ఊరు దాటి కొంతమేర మాత్రమే పోవును. అందులో మన భాషకు చోటెక్కడిది?

మనకు దారి తెరచినది హ్రస్వతరంగము, అనగా షార్ట్‌వేవ్. ఇది భూమిని అంటిపెట్టుకొని పోవునది కాదు. పైకెగసి, భూమికి వంద కిలోమీటర్లకు పైన విద్యుత్కణములతో నిండిన వాయుపొరను తాకి, అక్కడనుండి వంగి మరల నేలకు దిగును. కనుక నడుమనున్న కొండలను కోనలను లెక్కచేయదు. పగటి వేళకు ఒక పట్టీ, రాత్రికి మరియొక పట్టీ అనుకూలించును. 1938 ఫిబ్రవరిలో బొంబాయికిని, అదే యేడు జూన్ 16న మద్రాసుకును హ్రస్వతరంగ యంత్రములు వచ్చెను. మద్రాసు కేంద్రము తమిళముతో పాటు తెలుగులోను ప్రసారము చేయుచుండెను గాన, బొంబాయిలో కూర్చుండి తెలుగు మాటను గాలిలో పట్టుట అప్పటినుండి సాధ్యమైనదని చెప్పవచ్చును. అయితే ఆనాడు మన గల్లీలలో సెట్టు కొనగలిగినవారు బహు కొద్దిమంది. ఇరానీ హోటలు బల్లమీది రేడియోయే పదిమందికి ఆధారము.

హ్రస్వతరంగమునకు మన పేటతో మరియొక సంబంధము కలదు. 1942 ఆగస్టులో నాయకులందరును చెరసాలల పాలైనప్పుడు, ఉషా మెహతా మొదలగు యువజనులు కాంగ్రెసు రేడియోను రహస్యముగా నడిపిరి. 42.34 మీటర్లమీద వినవచ్చిన ఆ స్వరము ఎక్కడో దూరమునుండి కాదు, మన గ్రాంటురోడ్డుకు నడచిపోదగిన చౌపాటీనుండియు, పోలీసుల కన్నుగప్పుటకై మార్చిన తదితర స్థలములనుండియు వెలువడినది. నవంబరు 12న వారు పట్టుబడిరి. ఉషా మెహతాకు నాలుగేండ్ల శిక్ష పడెను. ఆ తరంగమును మా పేట పెద్దలు కొందరు వింటిమని చెప్పుకొనెడివారు. అందరి మాటను మేము నమ్మలేదు గాని, విననివారు సైతము వింటిమని చెప్పుకొనుటయే దాని గౌరవమునకు సాక్ష్యము. ఆరేండ్ల తరువాత, 1948 సెప్టెంబరు 17న నిజాము ప్రభువు హైదరాబాదు రేడియోలో పోరు విరమణను ప్రకటించిన దినమును గూర్చి మాత్రము వారు చెప్పినదానిలో అనుమానమునకు తావులేదు. తల్లిదండ్రులను, పొలములను తెలంగాణపు పల్లెలలో విడిచివచ్చినవారు వారు. హోటలు ముందర నిలబడి ఆ వార్త విన్నవారిలో కొందరు అక్కడనే కూలబడి ఏడ్చిరట.

మా ఖోలీలోనికి రేడియో 1969లో వచ్చినది. మా నాయన చోర్‌బజారులో బేరమాడి పాత మర్ఫీ సెట్టు ఒకటి మోసుకొనివచ్చెను. మీట నొక్కిన వెంటనే పలుకునది కాదు. వాల్వులు కాగవలెను, పచ్చని కన్ను మెల్లగా తెరువవలెను. పై కప్పు క్రింద జాలీ పట్టీ ఏరియలు ఒక గోడనుండి మరియొక గోడకు వ్రేలాడెడిది. అది చాలక గచ్చిమీద రెండు వెదురుబొంగుల నడుమ రాగితీగ కట్టితిమి. అప్పట్లో రేడియోకు లైసెన్సు ఉండవలెను. ఏటేటా పోస్టాఫీసులో రుసుము కట్టి పుస్తకమున ముద్ర వేయించుకొనవలెను. 1980వ దశకములో అది రద్దగువరకు మా నాయన ఒక్క యేడును తప్పలేదు. బియ్యపు దుకాణములో బాకీ నిలచిన నెలలు ఉండెను గాని, రేడియో లైసెన్సు నిలచిన యేడు లేదు.

ఆ సెట్టులో మేము వినినవి మూడు విధముల తెలుగు. ఉదయము ఢిల్లీనుండి వార్తలు. కొంగర జగ్గయ్యగారు చలనచిత్రములకు పోకమునుపు అక్కడ వార్తలు చదివినవారేనని పెద్దలు గర్వముగా చెప్పెడివారు. జోలిపాళెం మంగమ్మగారి పేరు మా అమ్మకు మిక్కిలి ఇష్టము, స్త్రీ గొంతుక దేశవార్త చెప్పుచున్నదని. రెండవది సిలోను. 1952లో కేంద్రమంత్రి కేస్కరుగారు ఆకాశవాణిలో సినిమాపాటలను దాదాపు తుడిచిపెట్టగా దేశమంతయు కొలంబో వైపు చెవి త్రిప్పినది. అమీన్ సయానీగారి బినాకా గీత్‌మాలా బొంబాయిలోనే ముద్రింపబడి విమానములో కొలంబో చేరి, అక్కడనుండి తరంగమెక్కి మరల బొంబాయికి వచ్చుచుండెడిదని తెలిసికొని మేము చాల ఆశ్చర్యపడితిమి. సిలోనులో తెలుగుపాటలు వినిపించిన మీనాక్షి పొన్నుదురైగారి స్వరమును మా యీడువారు ఇప్పటికిని మరువలేదు. మూడవది హైదరాబాదు. తరువాతి కాలమున 4800 కిలోహెర్ట్‌జ్‌మీద, అనగా అరువది మీటర్ల పట్టీలో, ఆ కేంద్రము రాత్రివేళ స్పష్టముగా అందెడిది. ఆరువందల కిలోమీటర్లకు పైబడిన దూరము ఆ గంటకు లేకుండ పోయెడిది.

ఇక్కడ ఒక మాట నిజముగా చెప్పవలెను. ఆ రేడియో తెలుగు మా ఇంటి తెలుగు కాదు. మా ఇంటిలో సగము మరాఠీ. వార్తను బాతమీ అనియు, వానను పావుసు అనియు పిల్లలము పలికెడివారము. మా నాయనమ్మ పాలమూరు మాట వేరు, ఢిల్లీ వార్తల మాట వేరు. మొదట ఆ వార్తలు సగము తెలియకుండెడివి. అయినను దినదినము వినగా వినగా ఆ మాటలు నోటికెక్కినవి. మునిసిపాలిటీ తెలుగు బడిలో పంతులుగారు అక్షరములు నేర్పిరి. వాక్యమెట్లు నిలబడునో రేడియో నేర్పినది. ఆ బడులలో పిల్లల సంఖ్య యేటేట తరిగిపోవుట చూచినవారికి ఈ మాట విలువ తెలియగలదు. తలుపులు తెరచియుండు చాళులో ఒక ఖోలీలో మ్రోగిన రేడియో వరండా పొడవునను వినబడెడిది. చదువురానివారు, సెట్టు లేనివారు, తెలుగు మరచుచున్నవారు అందరును ఒకే మాటను ఒకే గడియలో విను భాగ్యము దానివలన కలిగినది.

ఇక మా వ్యసనము సంగతి. దూరపు స్టేషనును పట్టి, తేదీ, కాలము, పౌనఃపున్యము, విన్న అంశములు వ్రాసి, ధ్వని బలము, అడ్డుతగులు ఇతర స్టేషన్లు, గాలిరొద, స్వరము సన్నగిల్లుట, మొత్తము యోగ్యత అను అయిదింటికి అయిదు అంకెలు వేసి ఆ స్టేషనుకు జాబు వ్రాసినచో, వారు విన్నందుకు గుర్తుగా చిత్రపు కార్డు పంపుదురు. గుమాస్తా ఉద్యోగములో అంకెలు వేయు అలవాటు ఇక్కడ అక్కరకు వచ్చినది. ఆగ్నేయాసియాలోని తెలుగువారికై ఆకాశవాణి విదేశ విభాగము పంపు తెలుగు ప్రసారమును సైతము మేము ఈ గచ్చిమీది తీగతోనే వింటిమి. అది మన కొరకు కాదు. మలేషియా రబ్బరు తోటలకు పోయిన తెలుగువారి సంతతి కొరకు. ఒక ప్రవాసి కొరకు పంపిన జాబును మరియొక ప్రవాసి త్రోవలో విప్పి చదివినట్లుండెడిది.

కాలక్రమమున హ్రస్వతరంగము సన్నగిల్లెను. 1940లో మొదలైన బి.బి.సి. హిందీ ప్రసారములు 2020 జనవరి 31తో ఆ పట్టీలనుండి తప్పుకొనెను. మరియొక ప్రక్క ఇంటింట వచ్చిన ఎల్.ఇ.డి. దీపములు, చార్జర్లు, ఇన్వర్టర్లు విడుచు విద్యుత్ రొద పాత సెట్టులో ఈగల మోతవలె నిండిపోయెను. గుట్టగుట్టలుగా ఖోలీలున్న మన పేటలో ఆ బాధ మరింత ఎక్కువ. అట్టి సమయములో డిజిటల్ రేడియో మొండియాల్ అను కొత్త విధానము మా చెవిన పడినది. దీనికై 1998లో చైనాలోని గ్వాంగ్జౌ నగరమున పలుదేశముల ప్రసారసంస్థలు కూడి ఒప్పందము చేసికొనిరి. 2003 జూన్‌లో ప్రసారములు లాంఛనముగా ఆరంభమయ్యెను. మన దేశమున 2009 జనవరిలో ఢిల్లీ సమీపపు ఖాంపూరునందు 250 కిలోవాట్ల హ్రస్వతరంగ యంత్రము ఈ విధానమున పనిచేయసాగినది. పిమ్మట ఆకాశవాణి 35 మధ్యమ తరంగ యంత్రములను కూడ ఈ పద్ధతిలో నెలకొల్పెను. వానిలో హైదరాబాదు యంత్రము 200 కిలోవాట్లది, విజయవాడది 100 కిలోవాట్లది.

దీని మర్మమును మాకు తెలిసినంతలో చెప్పెదము. పాత విధానములో స్వరము తరంగముమీద ఉన్నదున్నట్లు ఎక్కును. తరంగము వణకిన స్వరమును వణకును. కొత్త విధానములో స్వరమును అంకెలుగా మార్చి, కుదించి, ఒక్క తరంగముమీద కాక సుమారు రెండు వందల సన్నని తరంగములమీద పంచిపెట్టుదురు. కొన్ని త్రోవలో చెడినను మిగిలినవాని సాయముతో లోపమును పూరించుకొనుటకు వలసిన అంకెలను కూడ ముందే జతచేయుదురు. అందువలన హ్రస్వతరంగమున సైతము ఊరి ఎఫ్.ఎం. వలె నిర్మలమైన ధ్వని వచ్చును. స్టేషను పేరు, కొన్ని వార్తలు తెరమీద అక్షరములుగా కనబడును.

ఇది చదివి ఉత్సాహపడి మేము ఒక దుకాణమునకు పోయి డిజిటల్ రేడియో కావలెనని అడిగితిమి. అతడు అంకెలు వెలుగు చక్కని సెట్టు ఒకటి చూపి, ఇదే అదియని మా పింఛను సొమ్ము పుచ్చుకొనెను. ఇంటికి వచ్చి చూడగా అంకెలు కనబడునది పౌనఃపున్యము మాత్రమే. లోపల అంతయు పాత విధానమే. డిజిటల్ ప్రసారము వచ్చు చోట బుస్సుమను రొద తప్ప వేరేమియు వినరాలేదు. ముల్లు స్థానమున అంకెలున్నంత మాత్రమున రేడియో డిజిటల్ కాదని మేము నేర్చుకొనుటకు మా సొమ్ము ఖర్చయినది. ఈ సంచిక చదువువారైనను ఆ ఖర్చు తప్పించుకొందురుగాక.

తుదకు మా చాళు కుర్రవాడొకడు దారి చూపెను. టెలివిజను ప్రసారములు పట్టుటకై చేసిన బొటనవ్రేలంత పరికరమును కంప్యూటరుకు తగిలించి, దానిచేత సకల తరంగములను పట్టించు ఉపాయమును 2012లో ఔత్సాహికులు కనిపెట్టిరి. హ్రస్వతరంగములకు అనువుగా మార్చిన అట్టి పరికరమును అతడు లామింగ్టన్ రోడ్డు దుకాణములలో వెదకి తెచ్చెను. జర్మనీలోని డార్మ్‌స్టాట్ విశ్వవిద్యాలయమున పుట్టిన డ్రీమ్ అను కార్యక్రమమును కంప్యూటరులో ఎక్కించెను. అది ఉచితముగా లభించునది. ఆ తెరమీద చిన్నచిన్న దీపములు వరుసగా ఉండును. సంకేతము అందినకొలది ఎఱ్ఱనివి పచ్చనివగును. అన్నియు పచ్చనైనప్పుడు స్వరము వచ్చును.

2019 చలికాలమున ఒకనాటి రాత్రి రెండు గంటలు దాటిన పిదప, పేట సద్దుమణగి దీపములు ఆరిన వేళ, ఐరోపాకు ఉద్దేశింపబడిన ఆకాశవాణి ప్రసారమును అట్లు పట్టితిమి. తెరమీద స్టేషను పేరు అక్షరములుగా మెరసినది. రొద లేదు, వణకు లేదు; గాయకుడు ఊపిరి తీయుట సైతము వినబడెను. ఏడు నిమిషములు వింటిమి. అంతలో ఎవరో లేచి దీపము వేసిరి కాబోలు, ఒక దీపము ఎఱ్ఱనైనది, స్వరము కత్తిరించినట్లు ఆగిపోయెను. ఇదియే ఈ విధానములోని కష్టము. పాత మర్ఫీలో స్వరము సన్నగిల్లినను చెవి రిక్కించి మాటను ఊహించి అందుకొనెడివారము. అర్థము పోయినను గొంతుక నిలచెడిది. ఇందులో వచ్చిన నిండుగా వచ్చును, లేనిచో నిశ్శబ్దము. మధ్యస్థితి లేదు. హైదరాబాదు 738 కిలోహెర్ట్‌జ్ ప్రసారపు డిజిటల్ రూపమునకై పలు రాత్రులు యత్నించితిమి. దీపములు సగము పచ్చనై నిలచెను గాని తెలుగు మాట ఒక్కటియు వెలికి రాలేదు.

ఇంత కష్టమెందుకు, చేతిలోని ఫోనున ఆకాశవాణి కేంద్రములు అన్నియు వినవచ్చును గదా యని మా మనుమరాలు అడిగెను. ఆమె మాట నిజమే. ఆమె ఫోను తీసి క్షణములో హైదరాబాదును వినిపించెను కూడ. తరువాత చెవిలో గొట్టములు పెట్టుకొని తన పాటలు తాను విన్నది. ఆమెకు తెలుగు అర్థమగును, పలుకుట తక్కువ, చదువుట రాదు. మేము ఆమెకు బదులు చెప్పక, మరునాటి రాత్రి పక్కన కూర్చుండబెట్టుకొని దీపములు చూపితిమి. ఏది పచ్చనైనదో లెక్కించుటలో ఆమెకు ఆసక్తి కలిగినది. మూడవది పచ్చనైనప్పుడు మరాఠీలో కాక తెలుగులోనే, వచ్చింది తాతా, అనినది. నాలుగవది రాలేదు.

ఇప్పుడు కామాఠీపురపు పునర్నిర్మాణ యత్నములు సాగుచున్నవి. మా చాళు ఎన్నాళ్లు నిలచునో చెప్పజాలము. అంతస్తుల మేడలు వచ్చినచో గచ్చిమీద తీగ కట్టనిత్తురో లేదో తెలియదు. మొన్నటి వానకు ముందు మేము పైకెక్కి, మా నాయన కట్టిన రాగితీగను దించి, తుప్పు గీకి, కొత్త పింగాణీ బొడిపెలు వేసి మరల కట్టితిమి. ఒక వెదురుబొంగు మారినది. తీగ మాత్రము 1969 నాటిదే.